దొరసానికి రొంప

మనుషులకు రొంప పడుతుంది. పశువులకూ పడుతుందంటారు, నిజమేనేమో. కారుకు రొంప పట్టడం మాత్రం ఈ భూమండలం మొత్తమ్మీద ఒక్క యానాంలోనే, అందులోనూ ఫరంపేటలోనే, అందులోనూ రిటైరైన లెక్కల మాష్టారు వెంకటరాజుగారి వాకిట్లోనే జరిగింది. ఎనభైల నడుమ ఒక ఏడు, కార్తీకం వెళ్లి నాలుగు చల్లగాలులు తిరిగాయో లేదో, రోజూ తెల్లారేసరికి ఆయన వీధిగుమ్మంలో నిలబడి ఎదురింటివైపు తిరిగి కేక పెట్టడం మొదలుపెట్టారు.

"మరియదాసూ! దొరసానికి మళ్లీ రొంప పట్టిందయ్యోయ్!"

దొరసాని అంటే ఆ కారే. ఫ్రెంచివాళ్లు యానాం వదిలి వెళ్లేటప్పుడు ఒక దొర దాన్ని వెంట తీసుకుపోలేక మాష్టారి మామగారికి అంటగట్టి ఓడెక్కేశాడు. మామగారు పోతూపోతూ అల్లుడికి అంటగట్టారు. అప్పటినుంచీ అది మాష్టారి వాకిట్లో తాటాకుల పాక కింద, చితికిపోయిన జమీందారిణిలాగా కాస్త ఒరిగి నిలబడి ఉండేది. ఆదివారం సంతకీ, అప్పుడప్పుడు అగ్రహారంలో పేరంటాలకీ తప్ప కదిలేది కాదు.

మాష్టారి చలి కూడా చూడదగ్గదే. యానాం చలి సంగతి మనకు తెలియనిదా? దుప్పటి కప్పుకుంటే ఉక్క, తీసేస్తే దోమలు. ఆ మాత్రం దానికే ఆయన నెత్తిన మంకీ క్యాపూ, మెడకు మఫ్లరూ. ఆ ఏడు దొరసాని ముక్కుకు కూడా ఒక మఫ్లరు చుట్టారు. పొడుం పీల్చే అలవాటు లేకపోయినా కొత్తగా ఒక పొడుం డబ్బా జేబులో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక మతి కాస్త పక్కకు జరిగిందని వీధిలో వాళ్లు అనుకున్నారు.

అంతకుముందు మాత్రం తిన్నగా ఉండేదా అంటే, అదీ లేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఎవరేం చెప్పినా "జవాబు ఎవరడిగారయ్యా? స్టెప్పులు చెప్పు" అనేవారు. కూరలమ్మే చిట్టెమ్మ వంకాయల ధర చెబితే, ఆ ధర ఎలా వచ్చిందో స్టెప్పులు అడిగేవారు. "పండినియ్యి, కోశాను, మోశాను, అమ్ముతున్నాను. ఇంకేం స్టెప్పులండి బాబూ!" అని ఆవిడ తట్ట ఎత్తుకుని పోయేది. అంతటితో ఆగకుండా మార్కులొకటి. మంగలి క్షవరానికి పదికి ఆరు. పెళ్లిభోజనంలో పులిహోరకు పదికి ఏడు. పదికి పది మాత్రం జన్మలో ఎవరికీ వెయ్యలేదు. "పదికి పది వేస్తే రేపు బడికి రాడు" అనేది ఆయన సిద్ధాంతం.

ఎదురింటి మరియదాసు యానాం రేవునుంచి ఏరు దాటించి జనాన్ని ఎదుర్లంక చేర్చే లాంచీకి డ్రైవరు. అతను గొంతు విప్పితే గౌతమి అవతలి గట్టున కాకులు లేచేవి. తనంతటి ఇంజను మనిషి ఇటు కాకినాడ దాకా, అటు అమలాపురం దాకా లేడని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను ఎవరి దగ్గరా దాచుకోలేదు. భార్య తెరేసా రోజూ మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని రేవుకొచ్చేది. నీళ్లు తగలని ఆఖరి మెట్టు మీద కూర్చుని, అతను తిన్నంతసేపూ ఉప్పు సరిపోయిందా లేదా అని పోట్లాడి వెళ్లేది.

ఆ ఏడు శ్రావణమాసం వానల్లో తెరేసా జ్వరమొచ్చి చనిపోయింది. సమాధుల తోటనుంచి వచ్చి నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మరియదాసు మళ్లీ ఇటు తిరగలేదు. గెడ్డం మాసింది. గొంతు పోయింది. లాంచీ ఊసెత్తితే కళ్లు మూసుకునేవాడు. చర్చి ఫాదరుగారు వచ్చి చెప్పారు, తోటి పడవవాళ్లు వచ్చి చెప్పారు. వెంకటరాజు మాష్టారు వచ్చి, పుట్టుక చావుల గురించి గంటసేపు చెప్పి, మధ్యలో తనకే ఏడుపొచ్చి లేచి వెళ్లిపోయారు.

చివరికి లాంచీ యజమాని లక్ష్మణరావు వచ్చాడు. చెడ్డవాడు కాదు. "చూడు మరియదాసూ, శివరాత్రికి రేవులో ఇసకేస్తే రాలనంత జనం. అప్పటికి నువ్వొచ్చి చుక్కాని పట్టుకుంటే సరే. లేకపోతే ఇన్నాళ్లూ తాడు పట్టుకుని, ఇప్పుడు నీ బదులు తోలుతున్న వెంకన్నకే ఖాయం చేసేస్తాను. ఆపైన నన్నేమీ అనుకోవద్దు" అన్నాడు. గోడవైపునుంచి "అలాగే చేసుకోండి" అని జవాబొచ్చింది.

కూతురు జోసెఫిన్ గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. ఆ పిల్ల ఎదుర్లంక అవతల ఒక బళ్లో కుట్టుపని టీచరు. ఆమె జీతం ఇద్దరికీ సరిపోతుంది, ఆ బెంగ కాదు. లాంచీ పోతే నాన్న ఇక ఆ మంచం దిగడని ఆమెకు తెలుసు. వీధి దాటి వెళ్లి మాష్టారి భార్య సత్యవతమ్మగారి దగ్గర కూర్చుని ఏడ్చి వచ్చింది. ఆ తరవాత కొన్నాళ్లు మాష్టారు పెన్షను పనంటూ రోజూ పొద్దున్నే బస్సెక్కి కాకినాడ వెళ్లొచ్చారు. ఆయన పెన్షనులో ఏం చిక్కొచ్చిందో వీధిలో ఎవరికీ అర్థం కాలేదు.

ఇక దొరసానికి రొంప పట్టిన మొదటిరోజు.

మాష్టారు కేక పెట్టారు. మరియదాసు కదల్లేదు. మళ్లీ కేక పెట్టారు. దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు. కాసేపటికి జోసెఫిన్ కిటికీ దగ్గరనుంచి, "నాన్నా, మాష్టారు కుంపటి రాజేసి కారు కిందకి తోస్తున్నారు" అంది.

ముసుగు లోంచి, "ఏ కారు కిందకి?"

"ఆయనకున్నది ఒకటే కారు కదా."

"ఓరి దేవుడో! పైన పెట్రోలు, కింద నిప్పులా! ఈధంతా లేచిపోద్ది!"

నాలుగు నెలల తరవాత మరియదాసు గుమ్మం దాటింది అలాగ. లుంగీ ఎగ్గట్టుకుని వీధి దాటేసరికి మాష్టారు దొరసాని బానెట్టుకు అమృతాంజనం రాస్తున్నారు.

"ఏంటండీ ఇది మాష్టారూ!"

"ఆవిరి పడుతున్నానయ్యా. రాత్రి మంచు దిగింది కదా, గొంతు పూర్తిగా పడిపోయింది. తాళం తిప్పితే టక్ మంటోంది, అంతే."

"ముందా కుంపటి తియ్యండి! మంచు కురిసే దేశంలో పుట్టిన బండండీ ఇది. మన యానాం చలికి రొంప పడుద్దా?"

"అక్కణ్ణించి వచ్చి ముప్పై ఏళ్లయిందయ్యా. అలవాటు తప్పింది."

"పోయినేడు పట్టలేదేం?"

"పోయినేడు వయసులో ఉంది."

మరియదాసు నెత్తి కొట్టుకుని కుంపటిని కాలితో అవతలికి తోసి, బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ తీగ వదులైపోయి ఊగుతోంది. బిగించాడు. తాళం తిప్పాడు. దొరసాని దగ్గి, తుమ్మి, లేచింది.

"తీగ వదులైందండి. రొంపా లేదు, గింపా లేదు."

"తీగని ఎలా కనిపెట్టావు?"

"సూత్తే తెలీదా అండి?"

"జవాబు ఎవరడిగారయ్యా? స్టెప్పులు చెప్పు."

మరియదాసు పళ్లు నూరుకుంటూ చెప్పాడు. టక్ మని ఊరుకుంటే కరెంటు అందట్లేదనీ, కరెంటు అందకపోతే ముందు బ్యాటరీ చూడాలనీ, తరవాత తీగలు చూడాలనీ. మాష్టారు కళ్లు మూసుకుని విని, "పదికి అయిదు" అన్నారు.

"అయిదా! బండి లేచిందిగా!"

"జవాబు కరెక్టే. మధ్యలో ఒక స్టెప్పు మింగేశావు. పైగా నీట్‌నెస్ లేదు. ఆ గెడ్డం చూడు."

మరియదాసు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "కుంపటి పెట్టే మనిషి నాకు మార్కులేత్తాడా! నాకు! తాతకి దగ్గులు నేర్పుతాడా!" అని ఆ కోపంలో ఎంత తింటున్నాడో చూసుకోకుండా మొత్తం తినేశాడు. జోసెఫిన్ ఇంకో గరిటెడు అన్నం వడ్డించింది. అదీ తిన్నాడు.

మర్నాడు మాష్టారు కేక పెట్టకముందే మరియదాసు మెలకువగా ఉన్నాడు. కేక కోసం ఎదురుచూస్తున్నానని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. దోమలు కుట్టి మెలకువ వచ్చిందని చెప్పేవాడు.

ఆ చలికాలమంతా దొరసానికి పట్టని రొంప లేదు. ఒకరోజు చోకు తీగ ఊడిపోయింది. ఒకరోజు ప్లగ్గులన్నీ తడిసిపోయి ఉన్నాయి. "మంచు" అన్నారు మాష్టారు. "మంచు ఒక్క ప్లగ్గుల మీదే కురిసిందా అండి, చెంబు పెట్టి పోసినట్టు?" అన్నాడు మరియదాసు. ఇంకోరోజు వెనక పొగగొట్టంలో ఒక పాత పంచె ముక్క దొరికింది. మాష్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలక పెట్టి ఉంటుంది. చలికి" అన్నారు. ఇంత తెలివితక్కువ మనిషి పిల్లలకు లెక్కలెలా చెప్పాడా అని మరియదాసు ఆశ్చర్యపోయాడు. ప్లగ్గు చూపించి ఇదేంటండీ అంటే, "ఈల వేసేదా?" అని అడిగిన మనిషాయె.

ఆ చెప్పిన స్టెప్పులకు మార్కులు మాత్రం ఆరు దాటి ఏడుకు రావడానికి సంక్రాంతి పండగ వెళ్లిపోయింది. నీట్‌నెస్‌కు కోసేస్తున్నారని మరియదాసు ఒకరోజు కసిగా గెడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. మాష్టారు ఎగాదిగా చూసి, "ఏడున్నర" అన్నారు. ఆ అర మార్కు కోసం మరియదాసు వాదించిన వాదన ఊరవతల అడవిపొలం దాకా వినపడింది. గొంతు తిరిగొచ్చిందని వీధికంతటికీ ఆరోజే తెలిసింది.

సత్యవతమ్మగారిది ఇంకో వరస. రోజూ లోపల్నుంచి, "ఈ తద్దినాన్ని ఎవరికైనా అమ్మేయండి, నా ప్రాణం పోతోంది" అని సణుగుతూనే వచ్చి, మరియదాసు ముందు దిబ్బరొట్టె పెట్టేది. "తిను తమ్ముడూ. చల్లారితే మీ మాష్టారు దానికీ మార్కులు తగ్గిస్తారు."

అన్నీ బాగున్నాయి, ఒక్క రేవు తప్ప. మరియదాసు దొరసాని దాకా వచ్చేవాడు, వెనక్కి వెళ్లేవాడు. రేవు వైపు అడుగు పడేది కాదు. ఒకరోజు మాష్టారు, "రొంప పూర్తిగా తగ్గిందో లేదో చూద్దాం, అలా ఏటిగట్టు దాకా పోయొద్దాం ఎక్కు" అన్నారు. చర్చి మలుపు తిరిగి ఏటిగాలి తగిలేసరికి మరియదాసు, "ఆపండి మాష్టారూ" అన్నాడు.

దిగి రోడ్డు పక్కన నిలబడ్డాడు. మాష్టారు ఇంజను ఆపేశారు.

"ఆ మెట్టుందండీ," అన్నాడు మరియదాసు. "తెరేసా కూకునే మెట్టు. లాంచీ గట్టుకి కట్టేటప్పుడల్లా నా కళ్లు అక్కడికే పోతాయండి. పాతికేళ్ల అలవాటు. ఆ మెట్టు ఖాళీగా ఉంటే నేను సూళ్లేనండి."

మాష్టారు మఫ్లరు తీసి మళ్లీ చుట్టుకున్నారు. "పద, ఇంటికెళ్దాం" అన్నారు. దొరసానిని వెనక్కి తిప్పారు. ఆరోజు మార్కులు వెయ్యలేదు.

శివరాత్రి దగ్గర పడింది. ఆ రాత్రితో చలి శివశివా అంటూ పోతుందని సామెత. చలి పోతే ఇక రొంప వంక కూడా ఉండదు. లక్ష్మణరావు వెంకన్నకు కొత్త చొక్కా కుట్టించాడని జోసెఫిన్ చూసొచ్చి చెప్పింది. మరియదాసు విననట్టు దుప్పటి సర్దుకున్నాడు. మాష్టారు ఆ రోజుల్లో రొంపలు మరీ కష్టమైనవి పట్టించడం మొదలుపెట్టారు, అంటే దొరసానికి పట్టడం మొదలైంది.

ఆ పొద్దున మంచు ఎంత దట్టంగా దిగిందంటే ఎదురింటికి ఎదురిల్లు కనపడలేదు. జోసెఫిన్ లాంచీ మొదటి ట్రిప్పుకే వెళ్లిపోయింది. దొరసాని తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. మరియదాసు బ్యాటరీ చూశాడు, తీగలు చూశాడు, పెట్రోలు చూశాడు, ప్లగ్గులు విప్పి తుడిచి బిగించాడు. ఊహూ.

"ఇవాళ గట్టిగా పట్టిందయ్యా," అన్నారు మాష్టారు, మంకీ క్యాపు సర్దుకుంటూ. కాస్త గర్వం కూడా వినపడింది ఆ గొంతులో.

అప్పుడు మంచులోంచి లక్ష్మణరావు సైకిలు వేసుకుని వచ్చాడు. వచ్చినవాడు దిగలేదు, పడ్డాడు.

"మరియదాసూ! లాంచీ ఏటి మధ్యన ఆగిపోయింది! ఇంజను లేవట్లేదు. పోటు పోయి పాటు తీస్తోంది, లంగరు ఇసకలో పట్టట్లేదు. సముద్రం వైపు లాక్కుపోతోంది! వెంకన్నకి చేతులాడట్లేదు. నలభైమంది జనం..."

మరియదాసు "మా పిల్ల" అన్నాడు. లక్ష్మణరావు తల వంచుకున్నాడు.

"మాష్టారూ, బండి లేవదు, నేను పరిగెడతాను..."

వెంకటరాజు మాష్టారు అతన్ని భుజం పట్టుకుని పక్కకు నెట్టేశారు. జేబులోంచి పొడుం డబ్బా తీసి, అందులోంచి బొటనవేలంత నల్లటి ముక్కొకటి బయటికి తీశారు. డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు రెండూ టప్ టప్ మని విప్పి, ఆ ముక్కను కుదురుగా దాని చోట కూర్చోబెట్టి, మూత వేసి, బానెట్టు దించి, చోకు కావలసినంత లాగి తాళం తిప్పారు. దొరసాని ఒక్క పెట్టున లేచింది. ఇదంతా ఆయన లక్ష్మణరావు పంచె దులుపుకునే లోపలే చేసేశారు.

మరియదాసు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ ముక్క రోటరు. అది లేకపోతే ప్లగ్గులకు నిప్పు అందదు. ఆ ముక్క పొడుం డబ్బాలోకి ఎలకలు పెట్టే ముక్క కాదు.

"మాష్టారూ, మీరు..."

"తరవాత! ముందెక్కు!"

మంచులో హారను కొట్టుకుంటూ దొరసాని ఎప్పుడూ పరిగెత్తనంత వేగంగా పరిగెత్తింది. చర్చి మలుపు దాటింది. మరియదాసు ఆపమనలేదు.

"రోజూ మీరేనా అండి?"

"రోడ్డు చూడనీవయ్యా."

"ఆ పంచె ముక్క?"

"పాతదే. ఎందుకూ పనికిరాదు."

"కుంపటి కూడానా?"

"కుంపటి నాది కాదు, మా ఆవిడ తెలివి. వాసనొస్తే గానీ నువ్వు లేవవంది."

రేవులో జనం గుమిగూడి కేకలు పెడుతున్నారు. మంచులో ఎక్కడో దూరంగా లాంచీలోవాళ్లు జవాబు కేకలు పెడుతున్నారు. గట్టున నావ సిద్ధంగా ఉంది. మరియదాసు మెట్లు గబగబా దిగి, ఆఖరి మెట్టు దగ్గర ఆగిపోయాడు. కాలు ముందుకు పడలేదు.

మాష్టారు వెనకనుంచి వచ్చి పక్కన నిలబడ్డారు. ఆయన గొంతులో అల్లరి లేదు.

"మరియదాసూ, ఇది నేనిచ్చిన పేపరు కాదయ్యా. దీనికి జవాబు నాకు తెలీదు."

మరియదాసు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశాడు. తరవాత వంగి, ఆ మెట్టును చేత్తో తాకి, సిలువ గుర్తు వేసుకుని, నావలోకి దూకాడు.

లాంచీ దొరికేసరికి చాలా కిందకి కొట్టుకుపోయి ఉంది. జనం అంతా ఒక పక్కకు జరిగి దేవుళ్లకు మొక్కుతున్నారు. జోసెఫిన్ ఒక ముసలమ్మను పట్టుకుని కూర్చుంది. తండ్రి ఇంజను గదిలోకి దిగడం చూసి, అప్పటిదాకా ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. వెంకన్న వణుకుతూ, "అంతా సూశానండి, ఇంజనుకి సలి పట్టేసినట్టుందండి" అన్నాడు.

"చలా! నువ్వు కూడా మొదలెట్టావా?" అని మరియదాసు అరిచిన అరుపుకు లాంచీలో ఏడుపులు ఆగిపోయాయి. "జవాబు నిన్నెవడడిగాడ్రా? స్టెప్పులు చెప్పు! పొద్దున్నించీ ఏం చేశావు, వరసగా చెప్పు!"

వెంకన్న వరసగా చెప్పాడు. ఇంజను తిప్పాడు, ట్రిప్పు మొదలెట్టాడు, ఏటి మధ్యలో డీజిలు అయిపోయింది, డబ్బాలో ఉన్న డీజిలు పోశాడు, మళ్లీ తిప్పాడు...

"అదీ సంగతి. ట్యాంకు ఎండిపోయింది, పైపులో గాలి పట్టేసింది. నువ్వెంత తిప్పినా దానికి అందేది గాలే."

పైపు నట్టు వదులు చేశాడు. బుడగలు బుడగలుగా గాలి వెళ్లిపోయి, డీజిలు సన్నటి ధారగా వచ్చేదాకా పంపు కొట్టాడు. నట్టు బిగించి, హ్యాండిలు పట్టుకుని ఒక్క విసురు విసిరాడు. ఇంజను డుబడుబమని అందుకుంది. ఆ చప్పుడు మంచులోంచి గట్టుకు చేరేసరికి రేవంతా ఈలలు వేసిందట. అందరికంటే గట్టిగా ఈల వేసింది మంకీ క్యాపు పెట్టుకున్న పెద్దమనిషని చిట్టెమ్మ ఇప్పటికీ చెబుతుంది.

మరియదాసు జనాన్ని ఎదుర్లంకలో దించాడు, అటునుంచి జనాన్ని ఎక్కించుకున్నాడు, మళ్లీ వెళ్లాడు. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ ఆపలేదు. వెంకన్న హాయిగా తాడు పట్టుకున్నాడు. మధ్యాహ్నం లాంచీ గట్టుకు కట్టేటప్పుడు మరియదాసు కళ్లు అలవాటుగా ఆ మెట్టు మీదకే పోయాయి. దాని పై మెట్టు మీద సత్యవతమ్మగారు క్యారియరుతో కూర్చుని ఉంది. కింది మెట్టు ఖాళీగా వదిలిపెట్టింది.

మరియదాసు వచ్చి ఆ ఖాళీ మెట్టు పక్కనే కూర్చుని క్యారియరు విప్పాడు.

"అక్కగారూ, మాష్టారికి ఈ విద్యంతా ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"పెన్షను పని అని కాకినాడ వెళ్లేవారు చూశావూ, అదంతా అక్కడో మెకానిక్కు షెడ్డులో. బండి ఎలా బాగుచెయ్యాలో అయితే ఎవరైనా నేర్పుతారు. ఈయన ఎలా చెడగొట్టాలో నేర్పమన్నారట. తేలికవి ముందు, కష్టమైనవి తరవాత. వాళ్లకి మతిపోయింది. అదేంటండీ అని నేనడిగితే, పాఠం చెబితే వినేలా లేడు సత్యవతీ, పరీక్ష పెట్టాల్సిందే అన్నారు."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరియదాసు ఏం పడతాడు? అన్నం ముద్ద చేత్తో పట్టుకుని, మొదట నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

"అదంతా సరేనండి. మార్కులన్నా తిన్నగా ఎయ్యొచ్చు కదండీ మరి" అన్నాడు. పప్పులో ఉప్పు తగ్గిందని కూడా అన్నాడు. సత్యవతమ్మగారు ఆ మాటకు పోట్లాడలేదు గానీ, చూసిన చూపు పోట్లాటకు తక్కువేం కాదు.

శివరాత్రికి లాంచీ చుక్కాని మరియదాసు చేతిలోనే ఉంది. చలి శివశివా అంటూ పోయింది. దొరసాని ఒక్క తాళానికే లేవడం మొదలుపెట్టింది. మాష్టారు గానీ, మరియదాసు గానీ ఆ రొంపల సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు సత్యవతమ్మగారు లాంచీ ఎక్కి, చుక్కాని దగ్గరకొచ్చి గొణిగింది. "తమ్ముడూ, మీ మాష్టారితో వేగలేకపోతున్నాను. పేపరివ్వడానికి ఎవరూ లేక నా మీద పడ్డారు. కాఫీకి నాలుగు మార్కులు వేశారు. పప్పు పోపు స్టెప్పులు చెప్పమంటున్నారు. నిన్న ఆవాలు ముందా మెంతులు ముందా అని మౌఖిక పరీక్ష పెట్టారు. కాసేపు ఊరుకుంటే బాగుణ్ణు అనుకుంటే, ఊరుకున్నప్పుడు ఇంకా బాధగా ఉంటోంది. అరుగు మీద కూర్చుని మీ ఇంటివైపు చూస్తుంటారు."

మరియదాసు చుక్కాని కాస్త తిప్పాడు.

రెండురోజులు పోయాక, పొద్దున్నే మాష్టారు సంతకెళ్దామని తాళం తిప్పితే దొరసాని లేవలేదు. మళ్లీ తిప్పారు. లేవలేదు. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి బానెట్టు ఎత్తారు. బ్యాటరీ చూశారు, తీగలు చూశారు, చోకు లాగారు, పొగగొట్టంలో వేలు పెట్టి చూశారు. చెమటలు కారుతున్నాయి. ఎదురింటి వైపు చూసి, కేక పెడదామా వద్దా అని ఆలోచిస్తుండగానే ఎదురింటి గుమ్మం తెరుచుకుంది. మరియదాసు ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని, ఒక చేత్తో తడి గోనెపట్టా, ఇంకో చేత్తో పెద్ద ఉల్లిపాయా పట్టుకుని వీధి దాటి వచ్చాడు.

"వడదెబ్బండి మాష్టారూ," అన్నాడు.

"కారుకి వడదెబ్బేంటయ్యా!"

"మంచు దేశంలో పుట్టింది కదండీ. పాపం, తట్టుకోలేదు." తడి గోనెను బానెట్టు అంచున కప్పి, ఉల్లిపాయను దానిమీద జాగ్రత్తగా పెట్టాడు.

మాష్టారు అతనివైపు చూశారు. ఉల్లిపాయవైపు చూశారు. మెల్లిగా డిస్ట్రిబ్యూటరు మూత క్లిప్పులు విప్పారు. లోపల ముక్క లేదు. మరియదాసు లుంగీ రొంటిన బొటనవేలంత ఎత్తు కనిపిస్తోంది. మాష్టారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. కాస్త ఎక్కువసేపే తుడిచారు.

"దొరికిందయ్యా. మూత కింద..."

"జవాబు ఎవరడిగారండీ? స్టెప్పులు చెప్పండి."

రిటైరైన లెక్కల మాష్టారు వెంకటరాజుగారు చేతులు కట్టుకుని, బ్యాటరీ దగ్గరనుంచి మొదలుపెట్టి ఒక్క స్టెప్పూ మింగకుండా చెప్పారు. మరియదాసు కళ్లు మూసుకుని, తల ఊపుతూ, మధ్యలో ఒకచోట కనుబొమ్మ ఎగరేసి విన్నాడు.

"పదికి తొమ్మిదండి."

"ఆ ఒక్కటీ ఎక్కడ కోశావయ్యా?" మాష్టారి గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"పదికి పదేత్తే రేపొద్దున మీరు రారు కదండీ," అన్నాడు మరియదాసు. రొంటిలోంచి రోటరు తీసి ఆయన అరచేతిలో పెట్టి, ట్రిప్పుకు వేళైందని రేవువైపు నడిచాడు.

మాష్టారు ఆ ఒక్క మార్కు గురించి వీధిలో నిలబడి అతను మలుపు తిరిగేదాకా వాదించారు. సత్యవతమ్మగారు బయటికొచ్చి, బానెట్టు మీది ఉల్లిపాయ తీసుకెళ్లి పెసరట్లలోకి తరిగేసింది.